డిప్‌స్టిక్ మీద రెండు గాట్లు

"సరిగ్గా నాలుగింటికి నా రిపోర్టు హాలిఫాక్స్ వెళ్ళిపోతుంది, మిస్ మ్యూజ్. మీకు రెండు గంటల యాభై నిమిషాల టైముంది. ఈలోపు ఏం చేసుకుంటారో చేసుకోండి," అన్నాడు రాస్ పెంబర్టన్ చేతి గడియారం చూసుకుంటూ.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. గ్రేవెల్ కోవ్ జెట్టీ మీద నేను కారు దిగి ఇంకా తలుపైనా వేయలేదు.

పెంబర్టన్ బీమా కంపెనీ తరఫున పడవలు పరీక్షించే సర్వేయరు. అతని రిపోర్టులో ఒకటే మాట ఉంది: 'థెల్మా జీన్' అనే లాబ్‌స్టర్ రొయ్యల పడవలో విప్పి తిరగగట్టిన పాత ఇంజిన్ పనికిరాదు. ఆ మాట హాలిఫాక్స్ నగరంలోని కంపెనీ ఆఫీసు చేరితే పడవకు బీమా పోతుంది. రేపు, సోమవారం ఉదయం ఆరుగంటలకు సీజన్ మొదలవుతుంది. తీరంలోని పడవలన్నీ లాబ్‌స్టర్లు పట్టే బోనులు నింపుకొని ఒక్కసారిగా బయల్దేరతాయి. ఆ గుంపులో లేని పడవకు మంచి చోటు దక్కదు. మిగిలిన ఆర్నెల్లూ మిగిలినవాళ్ళు వదిలేసిన చోట వెతుక్కోవడమే.

ఆ పడవ కెప్టెన్ ఆల్డెన్ గోర్హామ్‌కు పోయేది ఒక సీజన్. ఇంజిన్ తిరగగట్టిన వెల్డా సురెట్‌కు పోయేది పేరు. ఈ తీరంలో పదకొండు పడవలు ఆమె చేతి ఇంజిన్లతో నడుస్తున్నాయి. పొద్దుట్నుంచి ఏడుగురు కెప్టెన్లు ఆమెకు ఫోన్ చేసి, "మాది కూడా ఇంతేనా?" అని అడిగారట. ఎనిమిదో ఫోన్ ఆమె తియ్యలేదు. నాకు చేసింది.

నేను పద్దెనిమిదేళ్ళు ఫెర్రీల ఇంజిన్ గదుల్లో పనిచేసి, మోకాళ్ళు అరిగాక డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్నదాన్ని. పేరు ఎర్లీన్ మ్యూజ్. నాకు కోపం ఎక్కువ. టై కట్టుకొని పడవలెక్కేవాళ్ళను చూస్తే ఇంకాస్త ఎక్కువ. పెంబర్టన్ టై నీలం రంగులో, మీద చిన్న చిన్న లంగర్ల బొమ్మలతో ఉంది.

"రెండు గంటల యాభై నిమిషాలా? దొరగారు చాలా ఉదారంగా ఉన్నారే! మధ్యలో నేను సూప్ కూడా తాగొచ్చు," అన్నాను.

పెంబర్టన్ పక్కన నిలబడ్డ కుర్ర టెక్నీషియన్ నవ్వాడు. అతని పేరు బ్రెంట్ లాడ్లో. కొత్త ఇంజిన్లు అమ్మే షోరూమ్ మనిషి, లోపలి పట్నం నుంచి వచ్చాడు. ఇంజిన్ విప్పాల్సి వస్తే సాయానికని పెంబర్టన్ పిలిపించాడు. అతని బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఈ జెట్టీ మీద ఆ మెరుపు ఇంకెవరి కాళ్ళకీ లేదు.

ముందు వెల్డా దగ్గరకు వెళ్ళాను. పేర్చిన బోనుల పక్కన చేతులు కట్టుకొని నిలబడి ఉంది. నలభై ఏళ్ళ మనిషి, మణికట్ల దాకా మసి.

"పడవెక్కనివ్వట్లేదు ఎర్లీన్. నా పని నేనే చూసుకోకూడదట. రూలట! పొద్దున తొమ్మిది నుంచి ఇక్కడే నిలబెట్టాడు."

"ఏడుపు తర్వాత. ముందు లెక్క చెప్పు. శుక్రవారం ఏం చేశావ్?"

"మూడింటికి ఆయిల్ పోశా. ఇరవై రెండు లీటర్లు. నాలుగు లీటర్ల డబ్బాలు ఐదు, ఆరోదాన్లో సగం. రెండు గంటలు నడిపా, నీళ్ళ మీద తేలే బోయా దాకా పోయొచ్చా. ఆయిల్ ప్రెషర్ యాభై ఐదు పౌండ్ల దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. ఐదున్నరకి ఇంటికెళ్ళా."

"మరి ఈ పొద్దున?"

"నేను లేను. ఎనిమిదింటికి ఆల్డెన్ బోనులు నింపి ట్రయల్‌కి తీసుకెళ్ళాడు. ఎనిమిదీ ఇరవై ఐదుకి స్పీడు పెంచాడు. ముక్కు పైకి లేచింది, తోక కిందకి కూర్చుంది, ప్రెషర్ పడిపోయింది. అలారం మోగిన వెంటనే ఆపేశాడు. మనిషి బంగారం, లేకపోతే ఇంజిన్ బిగుసుకుపోయేది. తాడేసి లాక్కొచ్చారు." ఆమె మసి చేతులు నా ముందు చాచింది. "బేరింగులు నేను మైక్రోమీటర్ పెట్టి మూడుసార్లు కొలిచా ఎర్లీన్. మూడుసార్లు!"

నేను నమ్మాను. ఈవిడ చిన్నప్పుడు నా ఇంజిన్ గదిలోకి దొంగచాటుగా దూరి, నట్లు సైజుల వారీగా సర్దిపెట్టి పోయేది. అలాంటి మనిషి బేరింగు దగ్గర పొరపడదు. అయితే నమ్మకం పెంబర్టన్ రిపోర్టులో పట్టదు కదా, రుజువు కావాలి.

పడవెక్కాను. పెంబర్టన్ నా వెనకే వచ్చాడు, బ్రెంట్ అతని వెనక. గట్టు మీద చేతులు జేబుల్లో పెట్టుకొని ఓ పాతికమంది కెప్టెన్లు. ఆల్డెన్ గోర్హామ్ తన పడవలోనే ఓ మూల నిలబడి తన బూట్ల వైపు చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి. అతను అలా బూట్ల వైపు చూస్తూ నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. అది మనసులో రాసుకున్నాను.

"చాలా సింపుల్," అన్నాడు పెంబర్టన్. "ప్రెషర్ పడిపోవడానికి కారణాలు రెండే. ఆయిల్ తక్కువైనా ఉండాలి, బేరింగులు వదులైనా ఉండాలి. నేను వచ్చాక మొదట ఆయిల్ మట్టం చూపే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి చూశా. ఆయిల్ సరిగ్గా గుర్తు దగ్గరుంది. కాబట్టి బేరింగులే. ఇంజిన్ మొత్తం విప్పాలి, పది రోజులు పడుతుంది."

"బేరింగులు వదులైతే లోహం రాలుతుంది. ఫిల్టర్ కోసి చూశారా?"

"అవసరం అనిపించలేదు."

"నాకనిపించింది."

ఫిల్టర్ విప్పి, రేకు కోసి, లోపలి కాగితం మడతలన్నీ బల్ల మీద పరిచాను. అయస్కాంతం పెట్టి ఆ చివర్నుంచి ఈ చివరి దాకా జరిపాను. ఎండకు ఎత్తిపట్టి చూశాను. ఒక్క మెరుపు లేదు, ఒక్క రవ్వ లేదు.

"ఇదుగోండి. వదులైన బేరింగులు ఇంత శుభ్రంగా ఉంటాయా?"

"వెంటనే ఆపేశారు కాబట్టి," అన్నాడు పెంబర్టన్. అయినా 'సింపుల్' అన్న గొంతు కాదది.

"సరే. ఉన్న ఆయిల్ మొత్తం లాగి కొలుద్దాం."

"గుర్తు దగ్గరుందని చెప్పారు కదా, మళ్ళీ కొలవడమేంటి?" ఈసారి మాట్లాడింది బ్రెంట్. "టైమ్ వేస్ట్ అండీ. ఇంజిన్ పైకి లేపితే తెలిసిపోతుంది. షోరూమ్‌లో కొత్తది రెడీగా ఉంది, కావాలంటే వారంలో బిగించేస్తాం."

"బాబూ, నువ్వు అమ్మడానికొచ్చావా, చూడటానికొచ్చావా?"

గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. బ్రెంట్ ముఖం కందగడ్డ చేసుకున్నాడు.

చేతి పంపుతో ఆయిల్ లాగి కొలత డబ్బాల్లో పోశాను. ఒకటీ యాభైకి మొదలుపెట్టి రెండూ పదికి పూర్తి చేశాను. మొత్తం పదహారు లీటర్లు. మళ్ళీ కొలిచాను. పదహారే.

"అంటే ఆరు లీటర్లు తక్కువ పోసిందావిడ," అన్నాడు పెంబర్టన్.

"ఇరవై రెండు పోశా!" గట్టు మీద నుంచి అరిచింది వెల్డా. "ఖాళీ డబ్బాలు నా షెడ్డులోనే ఉన్నాయి, పోయి చూసుకోండి!"

"ఖాళీ డబ్బాలు దేనికీ రుజువు కాదమ్మా."

"నిజమే, కాదు," అన్నాను నేను. "కానీ దొరగారూ, మీరు మీ మాటనే మింగేస్తున్నారు. ఇందాక ఆయిల్ సరిగ్గా ఉందన్నారు. ఇప్పుడు తక్కువుందంటున్నారు. ఏది నిజం?"

పెంబర్టన్ కొలత డబ్బాలు తనే మళ్ళీ లెక్కపెట్టాడు. నాకు మీసాలు లేవు గానీ, ఉంటే ఆ క్షణాన మెలేసేదాన్ని.

ఇంజిన్ కింద దూరి చూశాను. మోకాళ్ళు కెవ్వుమన్నాయి. అడుగున పరిచిన తెల్లగుడ్డ తెల్లగానే ఉంది, ఒక్క చుక్క కారలేదు. వెనక్కి వెళ్ళి పొగగొట్టం మూతి తుడిచాను. పొడి మసే తప్ప జిడ్డు లేదు, కాబట్టి ఆయిల్ కాలిపోనూ లేదు. కారకుండా, కాలకుండా ఆరు లీటర్లు పోయాయంటే ఎవరో చేత్తో తీసి ఉండాలి.

లేస్తూ, పక్కకి తీసి నిలబెట్టిన ఇంజిన్ మూత మీద చెయ్యేశాను. డెక్ మధ్యలో ఇంజిన్ మీద కప్పే చదరపు చెక్కమూత అది. సీజన్ కోసం కొత్తగా బూడిదరంగు వేశారు. పైవైపు, నున్నటి రంగు మీద, నాలుగు మూలలా గీతలు. ఇసుకలో ఇటుక రుద్దితే పడే గీతలు. అడుగువైపు వేలితో తడిమాను. అక్కడ ఒక్క గీత లేదు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"ఆల్డెన్, ఇలా రా."

వచ్చాడు. ఇంకా బూట్లే చూస్తున్నాడు.

"ఈ మూతని ఎవరో బోర్లించారు. పైవైపు కిందకి పెట్టి, డెక్ మీద ఈడ్చారు. నువ్వు చూశావ్."

"ఆ మాటెత్తకు ఎర్లీన్."

"ఎప్పుడు చూశావ్?"

"ఎత్తకన్నానా!" అతని ముఖంలో నెత్తురు లేదు. గట్టు మీది కెప్టెన్లు, చలిని తట్టుకొని మూడు గంటలుగా కదలని మనుషులు, ఒక్కొక్కరే అడుగు వెనక్కి వేశారు.

పెంబర్టన్‌కు అర్థం కాలేదు. అతను హాలిఫాక్స్‌లో పుట్టినవాడు. ఈ తీరంలో పడవ మూత తిరగేసి పెట్టడమంటే పడవ తిరగబడాలని కోరుకోవడమే. ఐదేళ్ళ పిల్లాడికి తెలుసు. చేతిలో మూతతో జారిపడేవాడు కూడా పడుతూ పడుతూ దాన్ని సరిగ్గా తిప్పుకొని పడతాడు.

"ఆల్డెన్, నువ్వు నోరు విప్పకపోతే నాలుగింటికి వెల్డా కొట్టు మూతపడుతుంది. దురదృష్టం అంటే అది. చెప్పు."

అతను నా పక్కకు జరిగాడు. తర్వాత, సముద్రానికి వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

"నిన్న సాయంత్రం. ఫైర్ స్టేషన్ హాల్లో హాడక్ చేపల విందు, సప్పర్, ఐదు నుంచి ఏడు దాకా. ఊరంతా అక్కడే ఉంది. తినేసి ఏడుంబావుకి ఇక్కడికొచ్చా. మూత... అలా పడుంది."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పను? చెబితే రేపు నా పక్కన పడవ కడతాడా ఎవడైనా? సరిగ్గా తిప్పి, మూడుసార్లు ఉమ్మేసి, గమ్మునున్నా."

"తర్వాత?"

"తర్వాత ఎందుకైనా మంచిదని ఆయిల్ చూశా. గుర్తుకి మూడు వేళ్ళు పైనుంది. ఎక్కువైతే ఆయిల్ సీళ్ళు చిరుగుతాయి కదా. చేతి పంపుతో గుర్తు దాకా లాగేశా."

గట్టు మీద వెల్డా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "నువ్వా! నువ్వు తీశావా ఆల్డెన్? నాకొక్క ఫోన్ కొట్టలేకపోయావా?"

"రెండు నెలలు కష్టపడ్డావ్ తల్లీ. ఆఖర్లో కొలత తప్పావని మొహం మీద ఎలా చెప్పను?" అన్నాడు ఆల్డెన్. అతని కళ్ళలో నీళ్ళు. "పొద్దున ఇదంతా జరిగాక, మూత వల్లే అనుకున్నా. అంతేగానీ ఇంకోటి తట్టలేదు."

మొహమాటం, భయం. ఈ రెండూ కలిసి ఒక సాక్ష్యాన్ని పంతొమ్మిది గంటలు దాచేశాయి. నాకు ఆ ముసలాణ్ణి కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనీ అనిపించింది.

"తీసిన ఆయిల్ ఎక్కడ?"

"ఎర షెడ్డులో. ఖాళీ ఉప్పుమాంసం బకెట్లో."

నేనే వెళ్ళి తెచ్చాను. రెండు గంటలే నడిచిన కొత్త ఆయిల్, ఇంకా తేనెరంగు పూర్తిగా పోలేదు. అందరి ముందూ కొలత డబ్బాలో వంచాను. ఆరు లీటర్లు.

"పదహారూ ఆరూ ఎంత దొరగారూ?"

పెంబర్టన్ బకెట్ దగ్గరికొచ్చి వంగాడు. అతను మూర్ఖుడు కాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. బకెట్ వంక, ఇంజిన్ వంక మార్చి మార్చి చూసి, నేనడగాల్సిన ప్రశ్న తనే అడిగాడు.

"ఆవిడ సరిగ్గా ఇరవై రెండే పోస్తే, డిప్‌స్టిక్ ఎక్కువుందని ఎందుకు చూపించింది? పదహారు ఉన్నప్పుడు నాకు సరిపోయిందని ఎలా చూపించింది?"

"ఎందుకంటే అది అబద్ధమాడింది."

డిప్‌స్టిక్ లాగి, తుడిచి, గట్టు మీదికి చెయ్యి చాచాను. వెల్డా వంగి అందుకుంది. ఒక్కసారి చూసింది. ఆమె ముఖంలో పొద్దుట్నుంచి లేని రంగు వచ్చింది.

"ఇది నాది కాదు."

"గట్టిగా చెప్పు."

"ఇది నాది కాదు!" ఊరంతా వినేలా అరిచింది. "నేను మూడు పలకల ఆకురాయితో రెండు గాట్లు కోశా, నా చేత్తో. దీని మీద ఫ్యాక్టరీలో కొట్టిన చుక్కలున్నాయి. ఈ ఇంజిన్ వెనక్కి బాగా వాలి కూర్చుంటుంది, ఆయిల్ వెనక్కి చేరుతుంది, డిప్‌స్టిక్ వెనకే ఉంది. అందుకే నా గుర్తు పైనుంటుంది. ఇది బల్లపరుపుగా కూర్చునే ఇంజిన్ది. దీని గుర్తు కిందకుంది."

"అంటే దీన్ని నమ్మినవాడు ఆయిల్ తీసేస్తాడు," అన్నాను. "తీసేసి, గట్టు దగ్గర నడిపితే ఏమీ కాదు. బోనులు నింపి స్పీడు పెంచితే తోక కూర్చుంటుంది, ఉన్న కాస్త ఆయిలూ వెనక్కి పోతుంది, ముందున్న ఆయిల్ పీల్చే గొట్టానికి గాలే దొరుకుతుంది. ఎనిమిదీ ఇరవై ఐదుకి జరిగింది అదే. ఇంజిన్ లోపల ఎవరూ ముట్టుకోలేదు. డిప్‌స్టిక్ ఒక్కటి మార్చారు, అంతే. మిగతా పని ఆల్డెన్ జాగ్రత్త చేసిపెట్టింది."

పెంబర్టన్ టై వదులు చేసుకున్నాడు. "ఇరవై రెండు పోయండి," అన్నాడు మెల్లగా. "మీ గేజ్ పెట్టి నడపండి. కళ్ళతో చూస్తే ఒప్పుకుంటా."

"వెల్డా పోస్తుంది."

"రూలు..." అని ఆగాడు. "పొయ్యనివ్వండి."

వెల్డా పడవలోకి దూకింది. పోసింది, లెక్కపెట్టి, పైకి వినబడేలా. నేను కొత్త ఫిల్టరూ, నా సొంత ప్రెషర్ గేజూ బిగించాను. మూడింటికి ఆల్డెన్ స్టార్టర్ నొక్కాడు. ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంది. తాళ్ళతో గట్టుకు కట్టే ఉంచి గేరు వేసి, స్పీడు లివర్ ముందుకు తోశాం. పడవ తాళ్ళను లాగి, తోక దించుకొని, నీళ్ళు చిమ్మింది. ముల్లు యాభై నాలుగు దగ్గర నిలబడింది. ఐదు నిమిషాలు, పది, ఇరవై. యాభై నాలుగే.

గట్టు మీద ఎవరో టోపీ విసిరేశారు. ఆ తర్వాత అందరూ అరవడం మొదలుపెట్టారు. వెల్డా ఇంజిన్ మీద చెయ్యేసి తల వంచుకొని ఏడ్చింది, నేను చూడనట్టు గేజ్ వైపే చూశాను. ఇలాంటి రోజులు నా మోకాళ్ళకు మందు.

"ఇంకో సంగతి ఉంది," అన్నాను ఇంజిన్ నెమ్మదించాక. "మూత బోర్లించినవాడు చేపలు పట్టేవాడు కాడు. ఈ ఊళ్ళో పుట్టినవాడు కాడు. నిన్న ఐదూ ఏడూ మధ్య ఊరంతా సప్పర్‌లో ఉంటే, వాడు జెట్టీ మీద ఉన్నాడు. లాడ్లో గారూ, నిన్న సాయంత్రం తమరెక్కడ?"

"పనిలో ఉన్నా," అన్నాడు బ్రెంట్ తడుముకోకుండా. "ఈ పక్క పడవ 'మిస్ లొరెట్టా'లో. విల్ఫ్రెడ్ గోర్హామ్‌కి కొత్త ఇంజిన్ బిగించా. బిల్లు కూడా ఉంది. అయితే ఏంటి? పక్క పడవలో పనిచేస్తే నేరమా? మూత గీతలు చూసి మనిషిని పట్టేస్తారా? కోర్టులో చెప్పండి, నవ్వుతారు."

నిజమే, నవ్వుతారు. విల్ఫ్రెడ్, ఆల్డెన్ తమ్ముడు. అన్న వెల్డాను నమ్మితే, తమ్ముడు "పాత ఇనుముకు పౌడరేస్తే కొత్తదవుతుందా" అని ఎగతాళి చేసి కొత్తది కొనుక్కున్నాడు. ఇప్పుడు ఆ పక్క చోటు ఖాళీగా ఉంది.

"విల్ఫ్రెడ్ ఎక్కడ?" అని అడిగాను.

"ఇందాక మూడింటికి ట్రయల్‌కి వెళ్ళాడు, బోనులతో," అన్నాడు ఆల్డెన్. "మనం గేజ్ చూస్తూ కూర్చున్నాం కదా." రాతిగట్టు అవతలికి చూసి అతను కళ్ళు చికిలించాడు. "అదేంటా పొగ?"

సముద్రం మీద నీలం కలిసిన తెల్లటి పొగ లేస్తోంది. అదే క్షణాన రేడియో పగిలినట్టు అరిచింది.

"ఆల్డెన్! ఆల్డెన్! ఇంజిన్ దానంతటదే పరుగెడుతోంది! లివర్ లాగేశా, ఆగట్లేదు! డీజిల్ కట్టేశా, అయినా ఆగట్లేదు!" వెనక ఇంజిన్ ఊళ. విల్ఫ్రెడ్‌తో పాటు పడవలో ఇంకో ఇద్దరున్నారు.

"ఆపమనండి!" కేకేశాడు బ్రెంట్. చెంపలు పాలిపోయాయి. "దాన్లో ఆయిల్ ఎక్కువైంది! పొంగి లోపలికి..."

నోటి మీద చెయ్యేసుకున్నాడు. ఆలస్యమైపోయింది.

"ఆయిల్ ఎక్కువైందని నీకెవరు చెప్పారు నాయనా?" అన్నాను. "రేడియోలో ఆ మాట ఎవరూ అనలేదే."

గట్టు మీది పాతికమందీ ఒక్కసారిగా బ్రెంట్ వైపు తిరిగారు. బ్రెంట్ ఓ బోను మీద కూలబడ్డాడు. "అక్కడి డిప్‌స్టిక్ ఇక్కడ పెట్టా, ఇక్కడిది అక్కడ పెట్టా. అక్కడ ఖాళీ కన్నం కనబడకూడదని. నేనే కొలిచి పోశా కాబట్టి ఏం కాదనుకున్నా. ఆయన మళ్ళీ చూసుకుంటాడని..."

"సీజన్ ముందు రోజు డిప్‌స్టిక్ చూసుకోని కెప్టెన్ ఈ తీరంలో ఉన్నాడనుకున్నావా?" అన్నాడు ఆల్డెన్. వెల్డా గుర్తు పైనుంటుంది, విల్ఫ్రెడ్ ఇంజిన్ బల్లపరుపుగా ఉంటుంది. తక్కువుందనుకొని విల్ఫ్రెడ్ గుర్తు దాకా పోసేశాడు. కొలత మించితే డీజిల్ ఇంజిన్ తన ఆయిల్ తానే తాగడం మొదలుపెడుతుంది. ఇక డీజిల్ కట్టినా ఆగదు. ఆయిల్ అయిపోయేదాకా లేదా ఇంజిన్ ముక్కలయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. ముక్కలు మనుషుల్లోంచి కూడా పోతాయి.

"తాళ్ళు వదలండి!" అరిచాను.

బ్రెంట్‌ను కెప్టెన్లు గట్టు మీదికి లాగేశారు, థెల్మా జీన్ గట్టు వదిలింది. పెంబర్టన్ దిగడం మరిచిపోయాడో, దిగదల్చుకోలేదో తెలీదు, టైతో సహా మాతోనే ఉన్నాడు. ఆల్డెన్ లివర్ చివరి దాకా తోశాడు. పొద్దున చచ్చిందన్న ఇంజిన్ బోనుల బరువంతా మోసుకొని ఉరికింది. పెంబర్టన్ గేజ్ ముందు నిలబడి, "యాభై నాలుగు," అన్నాడు. ఎవరూ అడగలేదు.

వెల్డా రేడియో లాక్కుంది. "విల్ఫ్రెడ్, నేను వెల్డాని. డీజిల్ సంగతి వదిలెయ్. గాలి ఆపాలి. ఇంజిన్ పైన గాలి ఫిల్టర్ పీకెయ్. కింద గొట్టం నోరు కనబడుతుంది. దాన్ని మూసెయ్."

"దేంతో మూయను? గుడ్డ పెడితే లాగేసుకుంది!"

"ఇంజిన్ మూతతో. దాని పైవైపు నున్నగా ఉంటుంది. ఆ నున్నటి వైపు కిందకి తిప్పి గొట్టం మీద మొయ్. ఇద్దరు ఎక్కి నిలబడండి."

గాలి ఫిల్టర్ డెక్ మీద పడ్డ చప్పుడు. తర్వాత విల్ఫ్రెడ్ గొంతు, చిన్నపిల్లాడిలా.

"తిరగేసా?"

"తిరగేసే!"

"నా పడవలోనా?"

"విల్ఫ్రెడ్ గోర్హామ్, నీ నెత్తి మీద పెట్టి తిప్పమన్నానా? తిరగెయ్!"

ఆల్డెన్ కళ్ళు మూసుకున్నాడు. ఊళ ఇంకా పైకి లేచింది. మేం ఇంకా మూడొందల గజాల దూరంలో ఉన్నాం. రేడియోలో చెక్క దబ్బున పడ్డ చప్పుడు, ఎవరో బూతు తిట్టిన చప్పుడు. ఊళ గొంతు పట్టేసినట్టు కిందకి దిగింది, దగ్గింది, ఇంకోసారి దగ్గింది.

ఆగిపోయింది.

పొగ మెల్లగా పక్కకి జరిగితే 'మిస్ లొరెట్టా' కనబడింది, ముగ్గురు మనుషులూ నిలబడే ఉన్నారు.

"వెల్డా," అన్నాడు విల్ఫ్రెడ్ చివరికి. "అందరం బాగున్నాం. మూత మళ్ళీ సరిగ్గా పెట్టేశా. ఇదిగో... తిరగేసిన సంగతి మాత్రం ఆల్డెన్‌కి చెప్పకు."

ఆల్డెన్ రేడియో అందుకున్నాడు. "విన్నాన్లేరా. మూడుసార్లు ఉమ్మెయ్, సరిపోతుంది. తాడు పట్టుకో."

మా నవ్వులకు పడవ ఊగింది. పెంబర్టన్ కూడా నవ్వాడు. తర్వాత కోటు లోపలి జేబులోంచి రిపోర్టు తీసి, నాలుగు ముక్కలు చేసి, గాలికి వదలకుండా జాగ్రత్తగా మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. సముద్రంలో చెత్త వేయకూడదని అతనికి రూలు.

"టైమెంతైంది దొరగారూ?" అన్నాను.

"మూడూ యాభై ఆరు," అన్నాడు. "కొత్త రిపోర్టు ఒక్క వాక్యమే, మిస్ మ్యూజ్. నాలుగు నిమిషాలు చాలు." కొత్త కాగితం తీసి స్టీరింగ్ పక్కన బల్ల మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు.

పడవలు పక్కపక్కన చేరాక విల్ఫ్రెడ్ తన ఇంజిన్లోంచి డిప్‌స్టిక్ లాగి, వెల్డాకు అందించాడు. పాత ఇనుము, పౌడరు అని ఎగతాళి చేసినవాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వెల్డా దాన్ని చొక్కాకు తుడిచి బొటనవేలితో తడిమింది. రెండు గాట్లు.

వంగి, ఆల్డెన్ ఇంజిన్లో దాన్ని దాని చోట పెట్టింది. మళ్ళీ తీసింది. అందరం తలలు దగ్గరపెట్టి చూశాం. ఆయిల్ పై గాటును సరిగ్గా తాకి ఉంది, వెంట్రుక వాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఇరవై రెండు," అంది వెల్డా.